ఖాళీ చేసిన నీళ్ల ట్యాంకు: ఒక పాత వాటర్ వర్క్స్ భవనాన్ని మళ్లీ వాడుకలోకి తెచ్చిన కేసు

పాత కట్టడాలను బాగుచేసి కొత్త పనికి సిద్ధం చేసే ఆర్కిటెక్ట్‌లు, సివిల్ ఇంజనీర్లు, అలాంటి కట్టడాలు చేతిలో ఉన్న సంస్థల వాళ్లు చదవాలని ఈ కేసు రాస్తున్నాను. ఊరు, సంస్థ, మనుషుల పేర్లతో పాటు, చూడగానే గుర్తుపట్టే వివరాలను కూడా వదిలేశాను. సాంకేతిక విషయాలను మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాశాను.

నేపథ్యం

ఆవరణలో మూడు కట్టడాలున్నాయి. ఎత్తైన కిటికీలతో ఇటుక పంపు హౌస్, దాని వెనక బాయిలర్ గది, పక్కనే నేల కింద శుద్ధి చేసిన నీళ్లు నిలవ ఉంచే పెద్ద ట్యాంకు. 19వ శతాబ్దం చివర్లో ఆవిరి యంత్రాలతో మొదలైన పంపింగ్ తర్వాత కరెంటు మోటార్లకు మారింది. ఊరు పెరిగి, దూరంగా కొత్త శుద్ధి కేంద్రం వచ్చాక ఇక్కడ పని ఆగిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు పైపులు, పాత మీటర్లు పడేసే గోడౌన్‌గా ఉంది.

ఇలాంటి చోటికి మొదటిసారి వచ్చినవాళ్లు పంపు హౌస్‌నే చూస్తారు. చూడాల్సిందే. 19వ శతాబ్దపు నగరాలు నీళ్ల పంపు హౌస్‌లను గుడి కట్టినంత శ్రద్ధగా కట్టాయి. ఫిలడెల్ఫియాలోని ఫెయిర్‌మౌంట్ వాటర్ వర్క్స్ బయటికి గ్రీకు దేవాలయాల వరసలా ఉంటుంది, లోపల ఉండేవి పంపులు. షికాగో వాటర్ టవర్‌ను 1869లో కోటలా కట్టారు. దాని లోపల ఉండేది ఒక నిలువు గొట్టం. పిస్టన్ పంపు నీటిని ఉండుండి తోస్తుంది కాబట్టి ఆ కుదుపు పైపులకు తగలకుండా ఆ గొట్టం సర్దేది. పంపే నీళ్లను జనం నమ్మాలి, దానికి కట్టే డబ్బు ఎక్కడికి పోయిందో కంటికి కనిపించాలి. ఆ అందం వెనక ఈ లెక్క కూడా ఉంది.

ఈ కేసులో అసలు కథ మాత్రం నేల కింద ఉంది. శుద్ధి చేసిన నీళ్లను కప్పి ఎందుకు దాచారో తెలియాలంటే కలరా రోజులకు వెళ్లాలి. లండన్‌లో 1852 చట్టం ఇళ్లకు ఇచ్చే నది నీటిని ఇసుకలో వడకట్టాలని చెప్పింది. సెయింట్ పాల్స్ చర్చికి 5 మైళ్ల లోపు ఉన్న రిజర్వాయర్లను కప్పాలని కూడా చెప్పింది. వడకట్టిన నీళ్ల మీద ఎండ పడితే నాచు పడుతుంది, దుమ్ము, పిట్టల రెట్టలు చేరతాయి. వడపోత విలువ ఏమిటో 1892లో హాంబర్గ్ చూపించింది. ఎల్బే నది నీళ్లను వడకట్టకుండా వాడిన ఆ నగరంలో కలరాకు 8,600 మంది దాకా చనిపోయారు. అదే నది నీళ్లను ఇసుకలో వడకట్టి వాడిన పక్క ఊరు ఆల్టోనా చాలావరకు బయటపడింది. మా ట్యాంకు ఆ తరం ఆలోచనతో కట్టిందే. ఇటుక స్తంభాలు, వాటి మీద కమానుల కప్పు, కప్పు మీద మట్టి, చుట్టూ నీళ్లు దూరకుండా కుదించిన బంకమట్టి. మధ్యలో ఒక గోడ ట్యాంకును రెండు అరలుగా విడదీస్తుంది. ఆ గోడను గుర్తుంచుకోండి.

మా దగ్గరికి వచ్చిన సమస్య

యజమాని సంస్థ పంపు హౌస్‌ను గ్రంథాలయంగా, ట్యాంకును ప్రదర్శనశాలగా మార్చాలనుకుంది. మమ్మల్ని పిలిచేనాటికే ఒక కాంట్రాక్టర్ ట్యాంకు రెండు అరలూ తోడి, కడిగి, గోడలకు సిమెంటు ప్లాస్టరు చేసి, దాని మీద వాటర్‌ప్రూఫింగ్ పూత వేశాడు. ఒక వానాకాలం గడిచేసరికి ప్లాస్టరు పెచ్చులు పెచ్చులుగా రాలింది. గచ్చు స్తంభాల మధ్య ఉబ్బింది. నడుస్తుంటే కాలి కింద డొల్ల శబ్దం. మాకు వచ్చిన ఉత్తరంలో అడిగింది ఒక్కటే: ఇంతకన్నా మంచి వాటర్‌ప్రూఫింగ్ ఏదో చెప్పండి.

మేం ఆ ప్రశ్నకు వెంటనే జవాబివ్వలేదు. చెమ్మ కనబడిన ప్రతి చోటా ముందు అడగాల్సింది నీళ్లు ఎక్కడివి అని. ఈ స్థలంలో మూడు దారులున్నాయి: కప్పు మీది వాన నీరు, పక్కనుంచి వెళ్లే పైపు లైను, భూగర్భ జలం. మూడింటికీ మందు వేరు. వాన నీరైతే పైన కాలువలు సరిచేస్తే చాలు. పైపు లీకైతే గోడకు ఏ పూత వేసినా దండగే. భూగర్భ జలమైతే ఆ కట్టడాన్ని చూసే తీరే మార్చుకోవాలి.

ఆవరణ గుండా వెళ్లే పాత పోత ఇనుప లైన్లో ఒకటి ఇంకా పక్క పేటలకు నీళ్లిస్తోంది. సంస్థ వాళ్లలోనే కొందరికి ఆ సంగతి తెలియదు. ఒక మూల గోడ వేసవిలోనూ తడిగానే ఉంటోంది. అక్కడ కారే నీటిని చిన్న గాజు గొట్టంలో పట్టి క్లోరిన్ ఉంటే రంగు మారే డీపీడీ మందు కలిపితే లేత గులాబీ రంగు వచ్చింది. అంటే అందులో క్లోరిన్ ఉంది, అది కుళాయి నీరే. (రంగు రాకపోతే లీకు లేదని చెప్పలేం. మట్టిలోంచి వచ్చే దారిలో క్లోరిన్ ఖర్చయిపోవచ్చు.) ఊరు నిద్రపోయాక లైను మీద లిజనింగ్ రాడ్ పెట్టి వింటే ఒక సీసం జాయింటు దగ్గర చప్పుడు స్పష్టంగా వినపడింది. ఆ జాయింటు బాగుచేశాక ఆ మూల ఆరిపోయింది.

మిగతా గోడలు, గచ్చు మాత్రం ఆరలేదు. అక్కడ చెమ్మ వానలతో పెరుగుతోంది, వేసవిలో తగ్గుతోంది. ఆవరణలో పరిశీలన బోర్లు వేసి నీటి మట్టం చూస్తూ వచ్చాం. వానాకాలంలో భూగర్భ జలం ట్యాంకు గచ్చు కన్నా మనిషి నడుము ఎత్తు పైకి వస్తోంది. నడివేసవిలో కూడా గచ్చు కన్నా మోకాలెత్తు పైనే ఉంటోంది.

సిమెంటు ప్లాస్టరు ఎందుకు రాలింది

పాత ఇటుక, సున్నం గచ్చు తడిని పీల్చుకుంటాయి, మళ్లీ వదిలేస్తాయి. బయటి నుంచి ఒత్తుతున్న నీటికి లోపలి వైపు పూత వేస్తే, ఆ పూతను గోడకు అదిమే బలం ఏదీ ఉండదు, గోడ నుంచి ఊడదీసే బలమే ఉంటుంది. ట్యాంకు నిండుగా ఉన్న రోజుల్లో లోపలి నీళ్లు గోడను బయటికి నొక్కేవి, లోపలి పూత గోడకు అంటుకుని ఉండేది. ఇప్పుడు లెక్క తిరగబడింది. దానికి తోడు మట్టిలోని లవణాలు నీటితో వచ్చి సిమెంటు పొర వెనక స్ఫటికాలై పెరుగుతాయి. ఊడిపడిన ఒక పెచ్చు తిప్పి చూశాను. వెనక వైపు దూదిలా తెల్లటి ఉప్పు, దానికి అంటుకుని ఇటుక ముఖం ఒక గోరు మందాన ఊడొచ్చింది. సిమెంటు ఒక్కటే పాడైతే మళ్లీ వేసుకోవచ్చు. ఇక్కడ అది ఇటుకను కూడా తీసుకుపోతోంది.

గచ్చు ఉబ్బడానికి కారణం ఇంకా సూటిగా ఉంది. మీటరు ఎత్తు నీళ్లు చదరపు మీటరుకు దాదాపు ఒక టన్ను బలంతో కింది నుంచి తోస్తాయి. అడుగు మందం ఇటుక గచ్చు బరువు చదరపు మీటరుకు 600 కిలోలకు కాస్త అటూ ఇటూ. ట్యాంకు నిండుగా ఉంటే పైన ఉన్న నీళ్లు ఆ తేడాను ఎన్నో రెట్లు పూడుస్తాయి. ఖాళీ అయితే గచ్చును పట్టి ఉంచేది ఏమీ లేదు. కొన్ని ట్యాంకుల్లో ఈ తోపును తట్టుకోవడానికే స్తంభాల మధ్య గచ్చును తలకిందుల కమానులుగా కడతారు. ఇక్కడ బల్లపరుపుగానే కట్టారు.

ఆ కట్టినవాళ్లకు ఈ లెక్క తెలియదా అన్నది నన్ను చాలా రోజులు వదల్లేదు. మిగతా పనంతా అంత జాగ్రత్తగా చేసినవాళ్లు ఇక్కడ ఎలా ఏమరుతారు?

జవాబు నక్షాల్లో దొరకలేదు. పంపు హౌస్ అటక మీద చెదలు తినగా మిగిలిన షిఫ్టు లాగ్ పుస్తకాల్లో దొరికింది. ప్రతి షిఫ్టుకూ పంపు నడిచిన గంటలు, ట్యాంకు మట్టం, బొగ్గు ఖర్చు రాశారు. ఏడాదికోసారి ట్యాంకు శుభ్రం చేసిన నమోదులున్నాయి. అవన్నీ ఎండాకాలంలోనే. ప్రతిసారీ ఒక అర మట్టం సున్నాకు వస్తే రెండో అర నిండుగా ఉంది. అక్కడ పనిచేసి రిటైరైన ఒక ఫిట్టర్‌ను సంస్థ వాళ్లు వెతికి తీసుకొచ్చారు. ఆయన మెట్ల మీద నిలబడి ఉబ్బిన గచ్చు చూసి మొదట అడిగిన మాట: "రెండు అరలూ ఒక్కసారే ఎవరు ఖాళీ చేశారు సార్? మా రోజుల్లో ఎప్పుడూ చెయ్యలేదు. వానలు పోయి, బావిలో నీళ్లు దిగాక ఒక అర కడిగేవాళ్లం. అది నింపాకే రెండోది."

"ఎందుకని చెప్పేవాళ్లు పెద్దాయనా?" అని అడిగాను.

"ఎందుకని ఎవరూ చెప్పలేదు. చేస్తే ఊరుకునేవాళ్లు కాదు."

ఈ కేసు రాయడానికి కారణం ఆ మాటే. ట్యాంకు నిలబడింది ఇటుక బలంతో మాత్రమే కాదు, దాన్ని నడిపిన పద్ధతితో కూడా. మధ్య గోడ ఆ పద్ధతి కోసమే ఉంది. మూతపడిన రోజున పద్ధతి మనుషులతో పాటు వెళ్లిపోయింది. గోడలు, గచ్చు మాత్రం మిగిలాయి. పాత భవనం చేతికి వచ్చినప్పుడు మనం దాని కొలతలు తీసుకుంటాం, నమూనాలు ల్యాబుకు పంపుతాం. దాన్ని ఎలా నడిపేవారో మాత్రం అరుదుగా అడుగుతాం.

పనికిరాని దారి

ట్యాంకును పొడిగానే ఉంచాలని యజమాని ఇంజనీర్లు గట్టిగా కోరారు. వాళ్ల సూచన: ట్యాంకు చుట్టూ బోర్లు వేసి, భూగర్భ జలాన్ని ఎప్పుడూ తోడుతూ గచ్చు కిందికి దించి ఉంచడం. కొత్త కట్టడాల బేస్‌మెంట్ పనుల్లో ఇది మామూలే. కాదనడానికి మా దగ్గర అనుమానం ఉంది గానీ ఆధారం లేదు. అందుకే కొద్దిపాటి ట్రయల్‌కు ఒప్పుకున్నాం, ఒక షరతు మీద. ముందుగా పంపు హౌస్ గోడలోని పాత పగుళ్ల మీద గాజు పలకలు, కొలత గేజీలు బిగించాలి. ఏ గేజీ అయినా కదిలితే పంపులు ఆపాలి.

కదిలింది. ట్యాంకు వైపు గోడలో పగులు నెమ్మదిగా, ఆగకుండా తెరుచుకుంది. పంపు హౌస్ పునాది బంకమట్టి మీద ఉంది. ఆ మట్టి కట్టిన నాటి నుంచి తడిలోనే ఉంది. నీళ్లు తీసేస్తే కుంచించుకుపోతుంది, పునాది దాంతో పాటు దిగుతుంది. ట్యాంకును కాపాడే పని పంపు హౌస్‌కు ముప్పుగా మారింది. పంపులు ఆపాం. ఇంకో ఆలోచన కూడా నిర్ణయానికి బలమిచ్చింది. ఎప్పటికీ నడవాల్సిన పంపు మీద ఒక గ్రంథాలయాన్ని నిలబెట్టడం తెలివైన పని కాదు. కరెంటు పోయిన ఒక్క వానరాత్రి చాలు.

పనిచేసిన దారి

ఇక ప్రశ్నను తిప్పి వేసుకున్నాం. నీళ్లను బయట ఉంచడం ఎలా అని కాకుండా, ఎంత నీళ్లు లోపల ఉంటే కట్టడం నిశ్చింతగా ఉంటుంది అని.

హ్యూస్టన్‌లో 1926లో కట్టిన భూగర్భ తాగునీటి రిజర్వాయర్ ఒకటుంది. లీకు ఎక్కడో దొరక్క 2007లో దాన్ని వాడటం మానేశారు. 2016లో జనానికి తెరిచారు. 221 స్తంభాల ఆ చీకటి హాల్లో అడుగున పలచగా నీళ్లు అలాగే ఉంచారు, చుట్టూ నడిచే దారి వేశారు. నీళ్లు ఉన్న ట్యాంకును కూడా జనం చూడటానికి వస్తారని సంస్థ బోర్డుకు నచ్చజెప్పడానికి ఆ ఉదాహరణ బాగా పనికొచ్చింది. సాంకేతిక కారణాలు మాత్రం మా స్థలం నుంచే రావాలి.

మట్టం ఎంచుకోవడంలో తర్కం ఇది. ట్యాంకులో మోకాలెత్తు నీళ్లు ఉంచితే అది నడివేసవి భూగర్భ జల మట్టంతో సమానం. ఆ మట్టాన్ని పంపు హౌస్ పునాది ఏటా చూస్తూనే ఉంది, దానికి అది కొత్త కాదు. అంతకన్నా కిందికి తోడితే కొత్త కుంగుడు మొదలవుతుంది. కాబట్టి అదే మా కనిష్ఠ మట్టం. వానాకాలంలో బయటి మట్టం పెరిగినప్పుడు గచ్చు కింది ఒత్తిడి తగ్గాలి. అందుకు గచ్చులో ఉబ్బి విరిగిన చోట్లే రిలీఫ్ వాల్వులు పెట్టాం. బయటి ఒత్తిడి ఎక్కువైతే అవి తెరుచుకుని నీళ్లను లోపలికి రానిస్తాయి, వెనక్కి పోనివ్వవు. ఎక్కువైన నీళ్లు ఒక గట్టు మీదుగా పొర్లి ట్యాంకు పాత స్కవర్ పైపులోకి, అక్కడి నుంచి వాన కాలువలోకి పోతాయి. ఎక్కడా పంపు లేదు, అంతా వాలు మీదే. ట్యాంకు కడిగి వదలడానికి వేసిన ఆ స్కవర్ పైపు ఏ నక్షాలోనూ సరిగ్గా లేదు. దాని వాల్వు మట్టిలో ఎక్కడుందో కాలితో తట్టి చూపించింది ఆ ఫిట్టరే.

సిమెంటు ప్లాస్టరు చేతి పనిముట్లతో తీయించి, ఇటుకల మధ్య సందులు సున్నం–ఇసుకతో నింపించాం. ఇప్పటికీ గోడ మీద ఉప్పు తేలుతుంది. అది సున్నం సందుల మీద తేలుతోంది, బ్రష్షుతో దులిపితే పోతోంది, ఇటుక క్షేమంగా ఉంటోంది. కొన్నేళ్లకోసారి ఆ సందులు మళ్లీ నింపుకోవాలి. యజమానికి ఈ మాట ముందే రాతపూర్వకంగా చెప్పాం.

సందర్శకుల కోసం నీళ్ల మీదుగా ఉక్కు నడకదారి వేశాం. అది స్తంభాల పాదాల మీద తన కాళ్ల మీద తానే నిలబడుతుంది, గోడకు ఒక్క బోల్టు కూడా లేదు. రేపు ఎవరైనా తీసేయాలనుకుంటే విప్పి తీసుకెళ్లిపోవచ్చు.

లైట్ల విషయంలో ఇబ్బంది వచ్చింది. మొదట రోజంతా వెలిగేలా పెట్టారు. కొద్ది నెలల్లో ప్రతి లైటు చుట్టూ ఇటుక మీద పచ్చటి పాచి గుండ్రంగా పట్టింది. నాచు పట్టకూడదనే కదా అసలు ఈ ట్యాంకును కప్పింది! ఇప్పుడు మనుషులు వచ్చినప్పుడు మాత్రమే వెలిగేలా సెన్సర్లు పెట్టారు. నిలవ నీళ్లలో దోమలు పెరగకుండా గాలి గొట్టాలన్నిటికీ సన్నటి జాలీలు బిగించాం. లోపలికి వెళ్లే ముందు గాలి పరీక్ష తప్పనిసరి చేశాం. మూసి ఉన్న ట్యాంకులో తుప్పు పట్టే ఇనుము కూడా ఆక్సిజన్‌ను తినేస్తుంది. ఆక్సిజన్ మీటరు 19.5 శాతం కన్నా తక్కువ చూపిస్తే ఎవరూ దిగకూడదు. కుళ్లిన గుడ్ల వాసన వేసే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వాసనతో పసిగట్టగలమని అనుకోకూడదు. మోతాదు పెరిగితే అది ముక్కునే మొద్దుబారుస్తుంది.

పంపు హౌస్ పని దీనితో పోలిస్తే సులువు. పాత ఆవిరి పైపుల చుట్టూ ఆస్‌బెస్టాస్ చుట్టి ఉంది కాబట్టి, లైసెన్సు ఉన్నవాళ్లు దాన్ని తీసేదాకా మరే పనీ మొదలుపెట్టలేదు. పెద్ద చర్చ జరిగింది మిగిలిన ఒక్క ఆవిరి పంపు గురించి. తీసేస్తే ఇంకో వరస బల్లలు పడతాయన్నారు. ఉంచాలని నేను పట్టుబట్టాను. ఆ హాలు అంత ఎత్తు, కిటికీలు అంత పైన, నేలలో అంత లోతు గుంట, పైన క్రేన్: అన్నీ ఆ యంత్రం కోసమే అలా ఉన్నాయి. అది పోతే అక్కడ చదువుకునే పిల్లలకు ఆ గది అలా ఎందుకుందో ఎప్పటికీ తెలియదు. లండన్‌లో 1838లో మొదలైన క్యూ బ్రిడ్జ్ పంపింగ్ స్టేషన్ ఈ రోజు జనాన్ని రప్పిస్తోందంటే, 1846 నాటి 90 అంగుళాల సిలిండరు ఇంజను ఇంకా అక్కడ నిలబడి ఉండటం వల్లే. మా పంపు నడవదు. దాని చుట్టూ ఉన్న మెట్ల మీద మాత్రం పుస్తకం పట్టుకుని ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. ఆ దృశ్యం చూసినప్పుడల్లా నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

ఈ కేసు నుంచి తీసుకున్నవి

వాటర్ వర్క్స్ కట్టడం చేతికి వస్తే మేం ఇప్పుడు మొదట లాగ్ పుస్తకాలు, వాల్వు రిజిస్టర్లు, రిటైరైన సిబ్బంది కోసం వెతుకుతాం. నక్షాల వంతు తర్వాత. నక్షా కట్టాలనుకున్నది చెబుతుంది, లాగ్ జరిగింది చెబుతుంది. ఆవరణలో ఇంకా నడుస్తున్న లైన్లు ఏవో రాతపూర్వకంగా తెచ్చుకోందే గడ్డపార పట్టనివ్వం.

నీళ్లతో నిండి ఉన్న ట్యాంకును కేవలం చూడటానికని పూర్తిగా తోడించం. తోడక తప్పకపోతే ఒక అర, అదీ బయటి మట్టం కొలిచాకే.

ఒక భవనానికి మొదట ఇచ్చిన కొత్త పని సరిపోకపోతే మార్చడానికి సిగ్గుపడాల్సింది లేదు. ఫెయిర్‌మౌంట్ 1909లో మూతపడ్డాక అక్వేరియం అయింది, తర్వాత ఈతకొలను అయింది, 2003లో నీటి చరిత్ర చెప్పే కేంద్రం అయింది. ఒక వాడకం నుంచి ఇంకో వాడకానికి వెళ్లాలంటే మధ్యలో చేసిన పనులు విప్పగలిగేవిగా ఉండాలి. గోడకు బోల్టు కొట్టొద్దని మేం పట్టుబట్టింది ఇందుకే.

అప్పగించేటప్పుడు గట్టు మట్టం, వాల్వుల తనిఖీ, గేజీల రీడింగులు ఒకే కాగితం మీద రాసి స్కవర్ వాల్వు పక్కన గోడకు తగిలించాం. సిబ్బంది బదిలీ అవుతారు, ఫైళ్లు అటకెక్కుతాయి. రీడింగులు ఇప్పటిదాకా క్రమంగా వస్తున్నాయి. పగులు తెరుచుకోవడం ఆగింది గానీ మూసుకోలేదు, కాబట్టి దాన్ని ఇంకా పూడ్చలేదు. మరో వానాకాలం, మరో వేసవి రీడింగులు చూశాకే పూడుస్తాం. ఇలాంటి పని ఒప్పుకునే వాళ్లు కాంట్రాక్టులోనే రెండు కాలాల నీటి మట్టం కొలిచే గడువు రాయించుకోండి. యజమాని అంతకాలం ఆగలేనంటే పంపు హౌస్ పని మొదలుపెట్టండి. ట్యాంకు జోలికి వెళ్లకండి.